సరుకు, మనిషి, వాదన: వాణిజ్య న్యాయవాది జూడా బెంజమిన్ వృత్తిజీవితం - ఒక చారిత్రక పరిశీలన

సారాంశం

న్యూ ఆర్లియన్స్‌లోనూ, ఆ తరువాత ఇంగ్లండులోనూ వాణిజ్య వివాదాలు వాదించిన జూడా ఫిలిప్ బెంజమిన్ (1811-1884) వృత్తిజీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1840ల నాటి 'క్రియోల్' నౌక బీమా కేసులో ఆయన బానిసల మానవత్వాన్ని ఆధారం చేసుకొని వాదించాడు. అదే కాలంలో ఆయన బానిసల యజమాని. తరువాత బానిసత్వాన్ని సమర్థించిన ప్రభుత్వంలో మంత్రి. ఈ వైరుధ్యాన్ని వ్యక్తి స్వభావానికి సంబంధించిన విషయంగా కాక, న్యాయవాది వాదనను చరిత్రకారుడు ఏ మేరకు సాక్ష్యంగా స్వీకరించవచ్చు అన్న పద్ధతి సమస్యగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆయన 1868లో వెలువరించిన విక్రయ న్యాయ గ్రంథానికీ, మన న్యాయ కళాశాలల్లో బోధించే 1930 నాటి వస్తు విక్రయ చట్టానికీ మధ్య ఉన్న సంబంధాన్ని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: వాణిజ్య న్యాయం, నౌకా బీమా, బానిసత్వం, పత్తి వ్యాపారం, వస్తు విక్రయ చట్టం, న్యాయచరిత్ర పద్ధతి

1. ఉపోద్ఘాతం

టంగుటూరి ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో న్యాయవాద వృత్తిని వదులుకొన్నారన్నది మనకు తెలిసిన విషయమే. వదులుకొన్న ఆ ప్రాక్టీసు ఎటువంటిది, అందులో ఎవరి దావాలు నడిచేవి, ఏ వాదనలు చెల్లేవి అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ను రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడిగా గుర్తుంచుకొంటాం. ఆయనను అంతటి స్థానానికి చేర్చిన దీర్ఘకాలపు న్యాయస్థానాల అనుభవాన్ని అంతగా పట్టించుకోం. న్యాయవాది చరిత్రలోకి ప్రవేశించేది సాధారణంగా కోర్టు వదిలి బయటికి వచ్చిన తరువాతే. అప్పు పత్రాలు, సరుకు రవాణా, బీమా పాలసీలు, మచ్చుకూ సరుకుకూ మధ్య తేడాలు వంటి విషయాలమీద సాగిన రోజువారీ వృత్తిజీవితం చరిత్రకు ముడిసరుకు కాదన్నట్లు భావించడం పరిపాటి.

ఈ భావనను పరీక్షించడానికి జూడా బెంజమిన్ వృత్తిజీవితం అనువైనది. ఆయన అమెరికాలో సెనేటరు, దక్షిణాది రాష్ట్రాల కూటమి ప్రభుత్వంలో మంత్రి. అయినా జీవనాధారంగా ఆయన ఎన్నుకొన్నదీ, రెండు దేశాల్లో రెండుసార్లు సున్నా నుంచి మొదలుపెట్టి పైకి వచ్చినదీ వాణిజ్య వ్యాజ్యాల్లోనే. ఆయన జీవితచరిత్రకారులను ఇబ్బంది పెట్టిన ఒక వాదనపత్రం ఈ వ్యాసానికి కేంద్రం. అది ఒక బీమా కంపెనీ తరఫున రాసినది. అందులో చెప్పిన మాటలు నిజం. వాటిని చెప్పిన మనిషి జీవితం ఆ మాటలకు విరుద్ధం. ఈ మూడింటినీ ఒకేచోట నిలిపి చదవడం ఎలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. న్యూ ఆర్లియన్స్: రెండు న్యాయ సంప్రదాయాల కూడలి

బెంజమిన్ 1811 ఆగస్టు 6న కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయి ద్వీపంలో యూదు కుటుంబంలో పుట్టాడు. డెన్మార్కుకు చెందిన ఆ ద్వీపం అప్పుడు బ్రిటిష్ వారి ఆక్రమణలో ఉండేది. ఈ చిన్న వివరం ఐదు దశాబ్దాల తరువాత ఆయనకు అక్కరకు వచ్చింది. కుటుంబం అమెరికాకు వలస వచ్చి చార్ల్‌స్టన్‌లో స్థిరపడింది. 14వ ఏట యేల్ కళాశాలలో చేరిన బెంజమిన్ పట్టా పొందకుండానే 1827లో చదువు ముగించి, మరుసటి ఏడాది న్యూ ఆర్లియన్స్ చేరాడు. అక్కడ ఒక నోటరీ దగ్గర గుమాస్తాగా పనిచేస్తూ, ఇంగ్లీషు చెప్పి ఫ్రెంచి నేర్చుకొన్నాడు. 1832 డిసెంబరులో న్యాయవాదిగా నమోదయ్యాడు. తన దగ్గర ఇంగ్లీషు నేర్చుకొన్న నటాలీ సెయింట్ మార్టిన్‌ను 1833లో పెళ్లాడాడు.

న్యూ ఆర్లియన్స్ ఆనాడు మిసిసిపీ నదీలోయ అంతటి పత్తికీ, చక్కెరకూ ఎగుమతి రేవు. అక్కడి న్యాయ వ్యవస్థ అమెరికాలోని మిగతా రాష్ట్రాల వంటిది కాదు. 1803లో అమెరికా కొనుగోలు చేసేదాకా లూసియానా ఫ్రెంచి, స్పానిష్ పాలనల్లో ఉండటంవల్ల అక్కడి సివిల్ న్యాయం రోమన్ న్యాయ సంప్రదాయానికి చెందినది. 1825లో అది నవీకరించిన స్మృతి రూపం దాల్చింది. వ్యాపారులు, పెట్టుబడులు, నౌకలు మాత్రం ఇంగ్లీషు కామన్ లా చెల్లే ప్రాంతాలనుంచి వచ్చేవి. ఒకే ఒప్పందాన్ని రెండు న్యాయభాషల్లో చదవవలసిన పరిస్థితి అది.

ఈ పరిస్థితిని బెంజమిన్ తన వృత్తికి పునాదిగా మలచుకొన్నాడు. థామస్ స్లైడెల్‌తో కలిసి లూసియానా ఉన్నత న్యాయస్థాన తీర్పుల సంగ్రహాన్ని 1834లో ప్రచురించాడు. మొదట సొంత వాడకం కోసం రాసుకొన్న ఆ సంగ్రహం తోటి న్యాయవాదులకు నిత్యావసర గ్రంథమైంది. కేసులు లేని యువ న్యాయవాది ఇతరుల కేసులను క్రమబద్ధం చేసి పేరు సంపాదించడం ఆయన జీవితంలో ఇది మొదటిసారి. 34 ఏళ్ల తరువాత లండన్‌లో మళ్లీ ఇదే పద్ధతి ఆయనను నిలబెట్టింది.

3. 'క్రియోల్' నౌక కేసు

1841 అక్టోబరు చివర 'క్రియోల్' అనే అమెరికన్ ఓడ వర్జీనియా తీరంనుంచి న్యూ ఆర్లియన్స్‌కు బయలుదేరింది. అందులోని ప్రధానమైన 'సరుకు' 135 మంది బానిసలు. నవంబరు 7 రాత్రి మాడిసన్ వాషింగ్టన్ నాయకత్వంలో 19 మంది తిరగబడ్డారు. బానిస వ్యాపారి తరఫు మనిషి ఒకడు ఆ పోరులో చనిపోయాడు. వారు ఓడను బహామాస్‌లోని నసావు రేవుకు మళ్లించారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన 1834లోనే అమలులోకి వచ్చింది కనుక అక్కడ అడుగుపెట్టినవారు స్వతంత్రులయ్యారు. తిరుగుబాటు చేసినవారిని కొంతకాలం నిర్బంధించి, 1842లో వారినీ విడిచిపెట్టారు.

'సరుకు' పోగొట్టుకొన్న యజమానులు బీమా కంపెనీలమీద న్యూ ఆర్లియన్స్‌లో దావాలు వేశారు. థామస్ మెకార్గో అనే యజమాని న్యూ ఆర్లియన్స్ ఇన్సూరెన్స్ కంపెనీపై వేసిన దావా వాటిలో ప్రసిద్ధమైనది. కంపెనీల తరఫు న్యాయవాదుల్లో బెంజమిన్ ఒకడు. వాణిజ్య న్యాయం దృష్టిలో సమస్య సూటిగానే ఉంది: నష్టానికి కారణమేది? ఓడలోని తిరుగుబాటా, నసావులో బ్రిటిష్ అధికారుల జోక్యమా? తిరుగుబాటే కారణమైతే, ఆ ప్రమాదాన్ని కంపెనీ భరించడానికి ఒప్పుకొన్నదా?

నౌకా బీమాలో ఒక పాత సూత్రం ఉంది. బయటినుంచి వచ్చే ప్రమాదాలకు కంపెనీ పూచీ వహిస్తుంది కానీ, సరుకు తన సహజ స్వభావంవల్ల చెడిపోతే వహించదు. పండ్లు కుళ్లినా, తడిగా ఎక్కించిన సరుకు దానంతటదే వేడెక్కి పాడైనా ఆ నష్టం సొంతదారుదే. బెంజమిన్ వాదన ఈ సూత్రం వెంబడి నడిచింది. బానిస ఒక మనిషి. అతనికి భావాలు, ఆవేశాలు, ఆలోచన ఉన్నాయి. ప్రేమ, దుఃఖం, అవమానం తెల్లవాడి గుండెను ఎలా కదిలిస్తాయో అతని గుండెనూ అలాగే కదిలిస్తాయి. స్వేచ్ఛను కోరడం అతని స్వభావం. అటువంటివారిని ఇరుకు ఓడలో కుక్కి, తగిన కాపలా లేకుండా తీసుకుపోతే వారు తిరగబడటం ఊహించదగినదే కనుక ఆ నష్టభయం యజమానిదే అని వాదనపత్రం సారాంశం. మరో మెట్టు ఎక్కి, బానిసత్వం ప్రకృతి న్యాయానికి విరుద్ధమైనదనీ, దానిని స్థాపించుకొన్న రాజ్య సరిహద్దుల్లో స్థానిక శాసనబలంతో మాత్రమే అది చెల్లుతుందనీ కూడా అందులో వాదించాడు. నసావులో ఆ బలం లేదు కాబట్టి బ్రిటిష్ అధికారులు చేసిన తప్పేమీ లేదన్నది దాని ఫలితార్థం.

పాలసీల షరతులు అన్నింటిలోనూ ఒకే తీరుగా లేకపోయినా, 1845లో లూసియానా సుప్రీంకోర్టు నిర్ణయాలు చాలావరకు కంపెనీలకు అనుకూలించాయి. యజమానులకు ఆ తరువాత మరో దారిలో సొమ్ము ముట్టింది. అమెరికా, బ్రిటన్‌ల మధ్య ఏర్పడిన క్లెయిముల సంఘం 1855లో వారికి 1,10,330 డాలర్ల పరిహారం నిర్ణయించింది. నసావులో స్వేచ్ఛ పొందినవారి పేరిట చివరికి చెల్లింపు అందుకొన్నవారు యజమానులే.

4. వాదనపత్రం ఎవరి సాక్ష్యం?

ఈ వాదనపత్రాన్ని విడిగా చదివిన పాఠకుడికి అది బానిసత్వ వ్యతిరేక రచనగా కనిపిస్తుంది. కొందరు ఇందులో బెంజమిన్ అంతరంగం బయటపడిందని భావించడం అందువల్లే. అయితే ఇంచుమించు ఆ సంవత్సరాల్లోనే ఆయన న్యూ ఆర్లియన్స్ దిగువన బెల్‌షాస్ అనే చెరకు తోటలో భాగస్వామి అయ్యాడు. అక్కడ సుమారు 140 మంది బానిసలు పనిచేసేవారు. 1853లో సెనేటులో ప్రవేశించిన తరువాత ఆయన వైఖరి మరింత స్పష్టమైంది. కాన్సస్ వివాదంపై 1858 మార్చి 11న చేసిన ప్రసంగంలో, బానిసత్వం అమెరికా వలసల్లో ఇంగ్లీషు కామన్ లా రక్షణ పొందిన ఆస్తి హక్కు అనీ, రాజ్యాంగం దానికి హామీ ఇచ్చిందనీ వాదించి, అంతకు ముందటి ఏడాది వెలువడిన డ్రెడ్ స్కాట్ తీర్పును సమర్థించాడు. 1840ల్లో స్థానిక శాసనబలం తప్ప మరో ఆధారం లేదన్న వ్యవస్థకు 1858లో ఖండమంతటా వ్యాపించిన ఆధారాన్ని చూపించాడు. మొదటి వాదన బీమా కంపెనీ తరఫున, రెండవది తన రాష్ట్రం తరఫున.

దీనిని కపటం అని కొట్టిపారేయడం సులభం. వకీలు పార్టీ తరఫున మాట్లాడతాడే కానీ తన తరఫున కాదు అని వృత్తిధర్మాన్ని చూపి సమాధానపడటమూ సులభమే. ఈ రెండు సమాధానాలూ వ్యక్తి దగ్గరే ఆగిపోతాయి. చరిత్రకారుడికి ఉపయోగపడే ప్రశ్న వేరు. బానిసల యజమానులే అధికారం చెలాయించే ఒక రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానంలో, బానిస గుండె తెల్లవాడి గుండె వంటిదే అన్న మాటను అంత నిర్భయంగా ఎలా చెప్పగలిగారు? అదే మాట బజారులో సభ పెట్టి చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు.

సమాధానం వాణిజ్య న్యాయ నిర్మాణంలోనే దొరుకుతుంది. ఆస్తి న్యాయానికి బానిస సరుకు కావాలి. లేకపోతే అమ్మకం, తాకట్టు, వారసత్వం నడవవు. బీమా న్యాయం మాత్రం ఆ సరుకు ఎలా నష్టపోతుందో లెక్క కట్టాలి. ఆ లెక్కలో మనిషి ఇష్టాయిష్టాలను విస్మరిస్తే కంపెనీ దివాలా తీస్తుంది. అందుకే తిరుగుబాటు, పలాయనం వంటి మాటలు పాలసీ షరతుల్లోకి ఎక్కాయి. బానిస మనిషే అన్న సంగతి ఆ సమాజానికి తెలియక కాదు. డబ్బు పోయే చోట దానిని ఒప్పుకొంటూ, డబ్బు వచ్చే చోట కాదంటూ వచ్చింది. బెంజమిన్ వాదనపత్రం సాక్ష్యమిచ్చేది ఆయన మనసుకు కాదు, ఆ సమాజపు ఎరుకకు.

ఇటువంటి ఉదాహరణ ఇది మొదటిది కూడా కాదు. 1781లో 'జాంగ్' అనే బ్రిటిష్ నౌకనుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి విసిరివేసి, యజమానులు బీమా సొమ్ము కోరారు. 1783లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఎదుట అది హత్య అని వాదించినవారు బీమాదారుల న్యాయవాదులే. అరవై ఏళ్ల ఎడంలో రెండు ఖండాల్లో రెండుసార్లు బానిసల మానవత్వం కోర్టు రికార్డుకెక్కింది బీమా కంపెనీ ఖర్చుతోనే. ఈ పోలిక యాదృచ్ఛికం కాదని, అది నౌకా బీమా తర్కం నుంచే వస్తున్నదని చెప్పవచ్చు.

5. పత్తి, యుద్ధం, పలాయనం

సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి ఇవ్వజూపితే కాదని వృత్తినీ సెనేటునూ ఎంచుకొన్న బెంజమిన్, 1861 ఫిబ్రవరిలో సెనేటును వదిలి దక్షిణాది కూటమి ప్రభుత్వంలో అటార్నీ జనరల్ అయ్యాడు. తరువాత యుద్ధమంత్రిగానూ, 1862 మార్చినుంచి విదేశాంగమంత్రిగానూ పనిచేశాడు. ఇంగ్లండు మిల్లులకు చేరే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా దక్షిణాదిదే కాబట్టి పత్తి ఆగితే ఇంగ్లండు తమ పక్షాన దిగక తప్పదని ఆ నాయకులు చాలామంది నమ్మారు. ప్రభుత్వమే పత్తి కొని వెంటనే ఇంగ్లండుకు చేర్చి, దానిని అప్పుకు ఆధారంగా ఉంచుకోవాలని బెంజమిన్ మొదటి మంత్రివర్గ సమావేశాల్లోనే సూచించినట్లు సహచరుడొకరు తరువాత గుర్తుచేసుకొన్నాడు. అది వాణిజ్య న్యాయవాది ఇవ్వదగిన సలహా. దానిని పాటించలేదు. 1863లో పత్తిని హామీగా చూపి యూరపులో 30 లక్షల పౌన్ల ఎర్లాంజర్ రుణం తీసుకొనేనాటికి ఉత్తరాది నౌకాదళం తీరాన్ని దిగ్బంధించి ఉంది.

అమెరికన్ పత్తి ఆగిన లోటును పూరించిన దేశాల్లో భారతదేశం ముఖ్యమైనది. బొంబాయినుంచి సూరతు పత్తి, మద్రాసు రాష్ట్రంనుంచి సేలం, వెస్టర్న్ రకాలు లివర్‌పూల్‌కు చేరాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పత్తికి ఎగుమతి రేవైన కాకినాడ పేరుమీద 'కొకనాడా' అన్న వ్యాపారనామం స్థిరపడింది. మన న్యాయ విద్యార్థులు మనోభావాల ఏకీభావం అనే అంశం కింద చదివే రాఫిల్స్-విచెల్‌హాస్ కేసు (1864) ఈ కాలానిదే. బొంబాయినుంచి 'పీర్‌లెస్' నౌకలో వచ్చే 125 బేళ్ల సూరతు పత్తిని గురించిన ఒప్పందం అది. అదే పేరుతో రెండు నౌకలు ఉండటంతో, అక్టోబరులో బయలుదేరినదా డిసెంబరులో బయలుదేరినదా అన్నది వివాదమైంది. రిచ్‌మండ్‌లో కూర్చుని బెంజమిన్ నడిపిన విదేశాంగ నీతి ఫలించకపోవడానికీ, లివర్‌పూల్ కోర్టుల్లో భారతీయ పత్తి వివాదాలు పెరగడానికీ కారణం ఒకటే.

యుద్ధం చివరి నెలల్లో, 1865 ఫిబ్రవరిలో, సైన్యంలో చేరే బానిసలకు విముక్తి ఇవ్వాలని బెంజమిన్ రిచ్‌మండ్ బహిరంగ సభలో ప్రతిపాదించాడు. ఇక్కడా వాదన అవసరంనుంచి పుట్టినదే. ఏప్రిల్‌లో రాజధాని పడిపోయింది. ఆయన ఫ్రెంచి వ్యాపారి వేషంలో ఫ్లారిడా చేరి, చిన్న పడవల్లో సముద్రం దాటాడు. ఒక పడవ మునిగి, ప్రాణాలు దక్కించుకొని, చివరికి చేరినది నసావు రేవుకే. 24 ఏళ్ల క్రితం 'క్రియోల్' నౌకలోని మనుషులు స్వేచ్ఛ పొందిన రేవు అది. బ్రిటిష్ గడ్డమీద అమెరికన్ శాసనబలం చెల్లదని తాను రాసిన వాదన ఇప్పుడు ఆయననే కాపాడుతున్నది. ఆగస్టు 30న సౌతాంప్టన్‌లో దిగాడు.

6. రెండవ ప్రారంభం: లివర్‌పూల్, విక్రయ న్యాయ గ్రంథం

54 ఏళ్ల వయసులో బెంజమిన్ 1866 జనవరిలో లండన్ లింకన్స్ ఇన్‌లో విద్యార్థిగా చేరాడు. బ్రిటిష్ ఆక్రమణలోని ద్వీపంలో పుట్టినందున తాను బ్రిటిష్ పౌరుడినన్నాడు. మూడేళ్ల శిక్షణ నియమాన్ని సడలించి జూన్‌లోనే ఆయనను బారిస్టరుగా స్వీకరించారు. అదే వేసవిలో ఓవరెండ్ గర్నీ సంస్థ కూలిపోవడంతో మిగిలిన సొమ్ములోనూ చాలా భాగం పోయింది. పత్రికలకు వ్యాసాలు రాసి పొట్ట పోసుకొంటూ, న్యూ ఆర్లియన్స్‌తో పాత పత్తి సంబంధాలున్న లివర్‌పూల్‌ను దృష్టిలో పెట్టుకొని నార్తరన్ సర్క్యూట్‌లో చేరాడు. కేసులు వెంటనే రాలేదు.

ఆ ఖాళీ కాలంలో రాసినదే 1868లో వెలువడిన చరాస్తి విక్రయ న్యాయ గ్రంథం. అంతకు ముందు 1845లో కొలిన్ బ్లాక్‌బర్న్ రాసిన చిన్న గ్రంథం ఈ విషయంలో ప్రామాణికం. బెంజమిన్ దానిని ఆదర్శంగా తీసుకొంటూనే, ఇంగ్లీషు తీర్పులను అమెరికన్ తీర్పులతోనూ, ఫ్రెంచి స్మృతితోనూ, రోమన్ న్యాయంతోనూ పోల్చి చూపాడు. గ్రంథాన్ని ఒప్పందం ఏర్పడటం, యాజమాన్యం బదిలీ కావడం, ఒప్పందం రద్దు కావడం, అమలు, ఉల్లంఘన అనే క్రమంలో ఐదు భాగాలుగా అమర్చాడు. వందలాది తీర్పుల్లో చెదిరి ఉన్న న్యాయం ఈ క్రమంలో ఒక వస్తువు ప్రయాణంలా కనిపిస్తుంది: బేరం కుదరడం, సొంతదారు మారడం, చేరడం, చేరకపోతే ఏమవుతుందన్నది.

ఇందులో కీలకం యాజమాన్యం ఎప్పుడు మారుతుందన్న ప్రశ్న. ఓడ మునిగినా, గోదాము తగలబడినా, కొన్నవాడు దివాలా తీసినా నష్టం ఎవరిదో సాధారణంగా ఈ ప్రశ్నే తేలుస్తుంది. మరో చిక్కు మచ్చు చూపి అమ్మడంలో ఉంది. ఆజెమార్-కాసెల్లా కేసు (1867) దీనికి మంచి ఉదాహరణ. 'లాంగ్ స్టేపుల్ సేలం' అని చెప్పి, సీలు వేసిన మచ్చుతో సమానమన్న హామీతో మద్రాసు పత్తిని అమ్మారు. వచ్చినది వెస్టర్న్ మద్రాసు రకం. నాణ్యత తగ్గితే ధర తగ్గించుకోవచ్చన్న షరతు ఒప్పందంలో ఉంది కదా అని అమ్మినవారు వాదించారు. వచ్చినది తక్కువ నాణ్యత సేలం పత్తి కాదు, వేరే రకం పత్తి కనుక కొన్నవారు తిరస్కరించవచ్చని కోర్టు తీర్పు చెప్పింది. నాణ్యతలో తేడా వేరు, వస్తువే మారిపోవడం వేరు. గుంటూరు మిరప యార్డులోనో, ఆదిలాబాదు పత్తి మార్కెట్టులోనో ఈ తేడాను విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

గ్రంథం రాగానే న్యాయవాదులు, న్యాయమూర్తులు దానిని వాడుకోవడం మొదలుపెట్టారు. త్వరలోనే లాంకషైర్ పరిధిలో సీనియర్ న్యాయవాది హోదా లభించింది. 1872లో నౌకా బీమాకు సంబంధించిన రాంకిన్-పాటర్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఎదుట చేసిన వాదన లార్డ్ ఛాన్సలరు హాదర్లీని ఆకట్టుకొంది. ఆ ఏడాదే క్వీన్స్ కౌన్సెల్‌తో సమానమైన ప్రాధాన్య హోదా వచ్చింది. న్యూ ఆర్లియన్స్‌లో బీమా కంపెనీల తరఫున నేర్చిన విద్యే లండన్‌లో ఆయనను పై మెట్టు ఎక్కించింది.

1872-1882 మధ్య హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనూ ప్రివీ కౌన్సిల్‌లోనూ నమోదైన 136 కేసుల్లో ఆయన వాదించాడు. ఫ్రెంచి న్యాయం చెల్లే క్యూబెక్ వంటి వలసలనుంచి వచ్చే అప్పీళ్లలో లూసియానా అనుభవం ఆయనకు ప్రత్యేకమైన బలం. ఇంగ్లండు తీరానికి సమీపంలో జరిగిన నౌకల ఢీకి సంబంధించి జర్మన్ నౌకాధిపతి కేన్ తరఫున 1876లో వాదించి, ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో శిక్షను రద్దు చేయించాడు. తీరజలాలపై కోర్టుల అధికారాన్ని స్పష్టం చేస్తూ 1878లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. విదేశీయుడిమీద దేశపు శాసనబలం ఎంతదూరం చెల్లుతుందన్న 'క్రియోల్' నాటి ప్రశ్నే ఇక్కడ మరో రూపంలో ఆయన ముందుకు వచ్చింది.

7. తెలుగు నేలకు చేరిన దారి

భారతదేశంలో వస్తువుల అమ్మకాన్ని మొదట 1872 నాటి ఒప్పందాల చట్టంలోని ఏడవ అధ్యాయం (76-123 సెక్షన్లు) నియంత్రించేది. ఇంగ్లండులో మెకంజీ చామర్స్ ముసాయిదా ఆధారంగా 1893లో వస్తు విక్రయ చట్టం వచ్చింది. తీర్పుల రాశిని స్మృతిగా కుదించే ఆ పనికి నేలను చదును చేసిన గ్రంథాల్లో బ్లాక్‌బర్న్, బెంజమిన్‌ల రచనలు ముఖ్యమైనవి. ఆ చట్టాన్ని దగ్గరగా అనుసరించి రూపొందిన భారత వస్తు విక్రయ చట్టం 1930 జూలై 1న అమలులోకి వచ్చి, పాత ఏడవ అధ్యాయాన్ని తొలగించింది. హైదరాబాదు ప్రాంతానికి అది 1951లో విస్తరించింది.

నేడు బి.కాం., ఎల్‌ఎల్‌.బి. తరగతుల్లో బోధించే 15వ సెక్షను, మచ్చుకు సరిపోయినా వర్ణనకు సరిపోకపోతే చాలదంటుంది. 26వ సెక్షను నష్టభయం సాధారణంగా యాజమాన్యంతోపాటు మారుతుందంటుంది. పందొమ్మిదో శతాబ్దపు వ్యాజ్యాల్లో తేలిన సూత్రాలే ఇవి. ఆ వ్యాజ్యాల్లో కొన్ని మద్రాసు, బొంబాయి పత్తి మీద నడిచినవి. అయితే వాటిలో పత్తి పండించిన రైతు పార్టీ కాదు, సాక్షీ కాదు. బెంజమిన్ గ్రంథం సరుకును మాత్రమే చూస్తుంది. దాని వెనుక ఉన్న మనిషిని చూడవలసిన అవసరం విక్రయ న్యాయానికి రాదు. 'క్రియోల్' కేసులో ఆ అవసరం వచ్చింది, ఎందుకంటే అక్కడ సరుకే తిరగబడింది.

8. ముగింపు

1880లో ప్యారిస్‌లో ట్రాము దిగుతూ పడిపోయిన బెంజమిన్ ఆరోగ్యం క్షీణించి, 1883లో వృత్తి విరమించాడు. ఆ ఏడాది జూన్ 30న ఇన్నర్ టెంపుల్‌లో లండన్ న్యాయవాదులు ఆయనకు వీడ్కోలు విందు ఇచ్చారు. 1884 మే 6న ప్యారిస్‌లో మరణించాడు. తన ఉత్తరాలను, కాగితాలను ముందే నాశనం చేసుకొన్నాడు. కాబట్టి బానిసత్వం గురించి ఆయన మనసులో ఏమున్నదో వ్యక్తిగత పత్రాలద్వారా తేల్చే దారి మూసుకుపోయింది. మిగిలినవి కోర్టు నివేదికలు, ప్రసంగాలు, ఒక గ్రంథం. ఆ గ్రంథం బెంజమిన్ పేరుతోనే నేటికీ కొత్త కూర్పులుగా వెలువడుతున్నది.

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, న్యాయవాది వాదనను ఆయన విశ్వాసానికి సాక్ష్యంగా వాడటం పొరపాటు. అది ఆ కోర్టులో ఏ మాట చెల్లుతుందో తెలిపే సాక్ష్యం. రెండవది, వాణిజ్య వ్యాజ్యాలు ఒక సమాజం బహిరంగంగా ఒప్పుకోని సత్యాలను లెక్కల భాషలో ఒప్పుకొనే చోట్లు. మూడవది, ఒక వాదన నిజం కావడం వల్ల దానిని వినిపించినవాడికి నైతికమైన మినహాయింపు లభించదు. బెల్‌షాస్ తోటలోని 140 మందికి ఆ వాదనపత్రం వల్ల ఒరిగినది ఏమీ లేదు.

మన ప్రాంతపు జిల్లా కోర్టుల పాత దస్త్రాలను ఈ దృష్టితో చదవవలసి ఉంది. పొగాకు, మిరప, పత్తి, బియ్యం వ్యాపారాల దావాల్లో వకీళ్లు దాఖలు చేసిన అర్జీలు, జవాబులు, సాక్షుల వాంగ్మూలాలు ఎవరెవరిని మనుషులుగా చూశాయో, ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో చెప్పగలవు. కూలి, కౌలుదారు, దళారి, గుమాస్తా వాటిలో ఎక్కడ కనిపిస్తారు, ఎవరి ప్రయోజనం కోసం కనిపిస్తారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టే పరిశోధకులకు ఆ దస్త్రాలు విలువైన ఆధారాలు కాగలవు.